మెమరీ వేగమూ కువైట్ వేసవీ

కువైట్ నగరాన్ని ఆనుకొని ఉన్న హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధి కంప్యూటర్ అంగళ్ళకు పేరుపడ్డది. విడిభాగాలు కొని సొంతంగా డెస్క్‌టాప్ కూర్చుకొనేవారికి అటువంటి అంగళ్ళలో కనిపించే మెమరీ పెట్టెల మీద ఒక అంకె పెద్దగా ముద్రించి ఉంటుంది: 3200, 3600, 6000. కొన్నవారు దాన్ని ఒక హామీగా తీసుకుంటారు. ఇంటికి తెచ్చి బిగించాక చూస్తే, 3600 అని కొన్న మెమరీ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంటుంది. బయోస్‌లో ఒక అమరిక మారిస్తే పెట్టె మీది వేగం వస్తుంది. కొన్నాళ్ళు అంతా సవ్యంగానే సాగుతుంది. జులైలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నీలి తెర ప్రత్యక్షమవుతుంది. లోపం సరుకులో ఉందా, కూర్చిన చేతిలో ఉందా, ఎండలో ఉందా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఆ అంకె దేనికి పూచీపడుతుందో, దేనికి పడదో ముందుగా తెలియాలి.

అంగళ్ళలో ఈ వేగాన్ని మెగాహెర్ట్జ్‌లలో చెప్పడం వాడుక. నిజానికి 3600 అన్నది ఒక్కొక్క తీగ మీద సెకనుకు జరిగే బదిలీల సంఖ్య, మిలియన్లలో. గడియారం నడిచేది అందులో సగం వేగంతో, అంటే 1800 మెగాహెర్ట్జ్‌లతో. ప్రతి ఆవృత్తిలోనూ సంకేతం ఎగసేటప్పుడు ఒకసారి, పడేటప్పుడు ఒకసారి సమాచారం కదులుతుంది గనుకనే 'డబుల్ డేటా రేట్', పొట్టిగా డీడీఆర్, అన్న పేరు వచ్చింది. ఈ వేగంలో ఒక బిట్‌కు దక్కే వ్యవధి సుమారు 0.28 నానోసెకండ్లు. అంతలో కాంతి సైతం శూన్యంలో 8 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే ప్రయాణించగలదు. మదర్‌బోర్డు మీది రాగి గీతల్లో సంకేతం పోయేది దాదాపు అందులో సగం దూరమే. డీడీఆర్ 4లో ఇటువంటి 64 తీగల మీద వచ్చే బిట్లను ప్రాసెసర్ ఆ స్వల్ప వ్యవధి నడిమిభాగాన పట్టుకోవాలి. కాస్త ముందు పట్టినా, వెనక పట్టినా ఒకటి సున్నా అవుతుంది.

మెమరీ వేగాలకు ప్రమాణాలు నిర్ణయించేది జెడెక్ అనే సంస్థ. డీడీఆర్ 4కు ఆ ప్రమాణం అనుమతించే గరిష్ఠ వేగం 3200, వోల్టేజి 1.2. పెట్టె మీద 3600 అని ఉండి, 1.35 వోల్టులు కోరే మెమరీ ఆ హద్దు దాటినదే. అందుకే కంప్యూటరు మొదట ప్రమాణబద్ధమైన నెమ్మది వేగంతోనే లేస్తుంది. పెట్టె మీది వేగానికి కావలసిన వోల్టేజి, జాప్యం వంటి వివరాలను తయారీదారు మెమరీ పలక మీది ఒక చిన్న చిప్పులో రాసిపెడతాడు. వాటిని చదివి అమలుచేసే ఏర్పాటును ఇంటెల్ 2007లో ఎక్స్‌ఎమ్‌పీ అన్న పేరుతో తెచ్చింది. 2022లో ఏఎమ్‌డీ తన ఎక్స్‌పోను ప్రవేశపెట్టింది. బయోస్‌లో మార్చే అమరిక ఇదే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ అంకెను రాసినవాడు మెమరీని తయారుచేసినవాడు. దాన్ని చదవవలసిన మెమరీ కంట్రోలర్ మాత్రం ప్రాసెసర్‌లో ఉంది. దాన్ని తయారుచేసిన సంస్థ వేరు, దాని హామీ వేరు. ఉదాహరణకు, రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లకు ఏఎమ్‌డీ ప్రకటించిన డీడీఆర్ 5 వేగం రెండు పలకలతో 5200. నాలుగు పలకలు పెడితే 3600 మాత్రమే. 6000 అని రాసిన పలకలు నాలుగు కొన్నవారు ప్రాసెసర్ తయారీదారు చెప్పినదానికంటే మూడింట రెండువంతులు ఎక్కువ వేగాన్ని ఆశిస్తున్నారన్నమాట. అది సాధ్యపడితే అదృష్టం. పడకపోతే ఎవరినీ నిందించడానికి లేదు. పెట్టె మీది అంకె ఆ పలకల సామర్థ్యానికే పూచీ. కంట్రోలరూ, మదర్‌బోర్డూ, అవి ఉండే గదీ కలిసివస్తేనే అది కంప్యూటరు వేగమవుతుంది.

గది ప్రసక్తి ఎందుకో తెలియాలంటే మెమరీ కణం లోపలికి వెళ్ళాలి. 1966లో ఐబీఎమ్‌లో రాబర్ట్ డెన్నార్డ్ ఊహించి, 1968లో పేటెంటు పొందిన డైనమిక్ మెమరీలో ఒక బిట్‌కు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలు. ఆ కెపాసిటరు చిల్లుకుండ వంటిది. అందులోని విద్యుదావేశం నిరంతరం కారిపోతుంటుంది. ఖాళీ అయ్యేలోగా చదివి, మళ్ళీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. కువైట్‌కు చెందిన అల్ ఆలమియా సంస్థ 1980లలో సఖ్ర్ పేరుతో అమ్మిన అరబ్బీ కంప్యూటర్లు ఎమ్మెస్సెక్స్ ప్రమాణాన్ని అనుసరించాయి. వాటికి ఆధారమైన జెడ్80 ప్రాసెసర్‌లో ఈ నింపుడు పని కోసమే ప్రత్యేకంగా ఒక రిజిస్టరు ఉండేది. నేటి డీడీఆర్ 4లో ప్రతి కణాన్నీ 64 మిల్లీసెకండ్లకు ఒకసారి నింపాలి. చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటితే ఆ గడువు 32 మిల్లీసెకండ్లకు తగ్గాలని ప్రమాణం శాసిస్తుంది. ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ కుండ చిల్లు పెద్దదవుతుంది. సుమారు 10 డిగ్రీలకు ఆవేశం నిలిచే కాలం దాదాపు సగమవుతుంది.

ఇంతవరకు చదివితే ఎండే దోషి అనిపిస్తుంది. అయితే గూగుల్ సర్వర్లను రెండున్నరేళ్ళపాటు పరిశీలించి బియాంకా ష్రోడర్, ఎడ్వార్డో పిన్యేరో, వుల్ఫ్-డీటర్ వెబర్ 2009లో ప్రచురించిన అధ్యయనం మరోలా చెప్పింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ పలకల్లో కనీసం ఒక దోషమైనా కనబడింది. కాని, ఆ దోషాల మీద ఉష్ణోగ్రత ప్రభావం ఆశ్చర్యపడేంత స్వల్పం. ఈ రెండు మాటలకూ పొత్తు కుదిర్చేది వెసులుబాటు. సర్వర్లు ప్రమాణాలకు లోబడి నడుస్తాయి. ఆ ప్రమాణాల్లో వేడికీ, వోల్టేజి హెచ్చుతగ్గులకూ, చిప్పుకూ చిప్పుకూ మధ్య తేడాకూ ముందే చోటు విడిచిపెట్టి ఉంటుంది. 3600కో 6000కో ఎక్కించినవారు వేగం కోసం ఖర్చుపెట్టింది ఆ చోటునే. వేడికోసం దాచిన సొమ్మును వేగానికి వాడుకున్నాక వేడి వస్తే చెల్లించడానికి ఏమీ మిగలదు.

కువైట్‌లో ఆ వేడి తప్పక వస్తుంది. 2016 జులై 21న అక్కడి మిత్రిబా కేంద్రంలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని 2019లో ధ్రువీకరించింది. ఇళ్ళలో ఏసీలు ఉంటాయి కనుక కంప్యూటరుకు ఈ ఎండ నేరుగా తగలదు. కాని కంప్యూటరు లోపలి వేడి గది వేడికి తోడయ్యేదే. గది 24 డిగ్రీలుండగా 46 దగ్గర నిలిచిన మెమరీ, గది 38కి చేరితే దాదాపు 60కి చేరుతుంది. 2024 జూన్‌లో విద్యుత్తు గిరాకీ తట్టుకోలేక కొన్ని ప్రాంతాల్లో వేళలు ప్రకటించి కరెంటు కోసినట్టు కోతలు వచ్చినప్పుడు, కరెంటు తిరిగొచ్చాక కంప్యూటరు లేచేది కాగిన గదిలోనే. దీనికి దుమ్ము తోడు. 2022 మే నెలలో విమానాల రాకపోకలను నిలిపివేసినంతటి దుమ్ము తుపానులు వచ్చే దేశంలో, పెట్టె ముందరి జల్లెడ మూసుకుపోయి లోపలికి గాలి తగ్గడానికి ఎక్కువ కాలం పట్టదు.

కంప్యూటరు లేచిన ప్రతిసారీ బయోస్ తీగల మీది సంకేతాలను కొలిచి, ఏ క్షణాన పట్టుకోవాలో నిర్ణయించుకుంటుంది. దీన్ని మెమరీ ట్రెయినింగ్ అంటారు. డీడీఆర్ 5తో మొదటిసారి ఇది కొన్ని నిమిషాలు సాగవచ్చు. తెర నల్లగా ఉందని మధ్యలో కరెంటు తీసేయడం పొరపాటు. సమయం కలిసివస్తుందని పాత కొలతనే తిరిగి వాడుకొనే అమరిక అనేక మదర్‌బోర్డుల్లో ఉంది. చల్లటి ఉదయం తీసిన కొలత వేడి మధ్యాహ్నానికి సరిపోకపోవచ్చు కనుక, అస్థిరత కనిపించినప్పుడు ముందుగా ఆపిచూడవలసింది దాన్నే.

నీలి తెర నిజానికి చిన్న నష్టం. కనీసం అది కనిపిస్తుంది. మారిన బిట్ తెరిచి ఉన్న ఫైలులో పడితే, ఆ ఫైలు అలాగే డిస్కుకు చేరుతుంది. ఊరి పెళ్ళి ఫోటోనో జమాఖర్చుల పట్టికో చెడిపోయిన సంగతి నెలల తర్వాత తెలుస్తుంది. మామూలు డెస్క్‌టాప్ మెమరీలో దోషాన్ని పసిగట్టే ఏర్పాటు లేదు. డీడీఆర్ 5 చిప్పుల లోపలి సవరణ కణాల్లోని తప్పులకే. తీగల మీద దారితప్పిన బిట్‌ను అది పట్టుకోలేదు.

కనుక స్థిమితాన్ని సాధించడంలో వరుస ముఖ్యం. రెండు పలకలు ఒకే పెట్టెలో జతగా వచ్చినవై ఉండాలి. ఒకే అంకె ఉన్నంతమాత్రాన విడివిడిగా కొన్నవి జతకావు. నాలుగు గాళ్ళున్న బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ నుండి రెండవ, నాలుగవ గాళ్ళే సరైనవి. దగ్గరి గాడి నింపి చివరిది ఖాళీగా వదిలితే, ఆ ఖాళీ కొసనుండి సంకేతం ప్రతిఫలించి వెనక్కు వస్తుంది. బయోస్‌ను తాజాపరచి, ఎక్స్‌ఎమ్‌పీని గాని ఎక్స్‌పోను గాని అమలుచేసి, మెమ్‌టెస్ట్86 ప్లస్ వంటి పరీక్షను రాత్రంతా నడపాలి. అది నెగ్గాక అసలు పరీక్ష మిగిలి ఉంటుంది: ఏసీ ఆపి, గది వేడెక్కాక, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పని కల్పించి మళ్ళీ పరీక్షించాలి. ఒక్క దోషం కనబడినా తప్పినట్టే. 'ఒక్కటే కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు.

తప్పితే మొదటి మందు వోల్టేజి పెంచడం కాదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయిన తర్వాత, మెమరీ కంట్రోలర్‌కు సంబంధించిన వోల్టేజి 1.3 దాటకుండా ఏఎమ్‌డీ కొత్త బయోస్‌లో హద్దు విధించింది. జల్లెడ దులిపి, మెమరీ మీదికి గాలి తగిలేలా చూసి, అప్పటికీ కుదరకపోతే వేగాన్ని ఒక మెట్టు దించాలి. 3600 నుండి 3400కు దిగితే పోయేది 6 శాతం లోపే. రోజువారీ పనుల్లో ఆ తేడా తెలియదు.

కువైట్‌లోని తెలుగువారిలో కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారు గణనీయంగా ఉన్నారు. అక్కడ కూర్చిన కంప్యూటరు ఎప్పుడో ఒకనాడు ఊరికి చేరితే, మే నెలలో ఏసీ లేని గదిలోనే అది పనిచేయవలసి రావచ్చు. సాల్మియాలోని చల్లటి గదిలో నెగ్గిన 3600 అక్కడ నెగ్గకపోవచ్చు, 3400 నిలబడవచ్చు. ఒక మెమరీకి నిజమైన వేగం అది ఉండబోయే గదిలో, ఆ గదికి అత్యంత వేడి రోజున, ఒక్క తప్పూ లేకుండా నడిచిన వేగమే.