నడినెత్తిన సూర్యుడు, తేనెటీగ దారి

గోదావరి డెల్టాలోని రామచంద్రపురం దాదాపు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల, ఏటా మే మొదటి వారం చివర ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి అక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి నడుమ సుమారు మూడు నెలలు మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి కాక ఉత్తరం నుంచి పడుతుంది. మనుషులు అంతగా పట్టించుకోని ఈ మార్పు, సూర్యుణ్ణి ఆనవాలుగా పెట్టుకుని కొబ్బరితోటకూ తుట్టెకూ మధ్య తిరిగే తేనెటీగకు మాత్రం ఏటేటా ఎదురయ్యే కఠిన పరీక్ష.

మేత దొరికిన చోటును కూలి ఈగ తుట్టె మీద నాట్యమాడి తోటి ఈగలకు తెలుపుతుందని నిరూపించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. ఒళ్ళు ఊపుతూ ఈగ నడిచే గీత నిట్టనిలువు నుంచి ఎంత పక్కకు వాలితే, పూలు సూర్యుడున్న దిక్కు నుంచి అంత పక్కన ఉన్నట్టు. ఆ ఊపు ఎంతసేపు సాగితే అంత దూరమన్నట్టు. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950లలో శ్రీలంకకు వెళ్ళి, గోదావరి జిల్లాల్లోనూ బతికే మూడు జాతులను, అంటే పొదల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగను, చెట్టు తొర్రల్లో కాపురముండేదాన్ని, ఎత్తయిన కొమ్మలకు ఒకే భారీ పట్టును వేలాడదీసే పెద్ద తేనెటీగను పరిశీలించారు. చిన్న ఈగ పట్టు పైభాగాన చదునైన చోట ఆడుతూ నేరుగా పూల దిక్కుకే తిరుగుతుందని, సూర్యుడు నడినెత్తికి రెండు మూడు డిగ్రీల దూరంలోకి చేరినప్పుడు నాట్యాలు దిక్కు చెప్పలేక తడబడతాయని ఆయన గమనించారు.

సూర్యుడు దక్షిణాన ఉన్నప్పుడు అతనివైపు తిరిగి చూసేవారికి ఎడమ నుంచి కుడికి, ఉత్తరాన ఉన్నప్పుడు కుడి నుంచి ఎడమకు కదులుతాడు గనుక, కొద్ది వారాలే బతికే కూలి ఈగకు ఏప్రిల్ తరం నేర్చిన గమనం మే నెలాఖరులో అక్కరకు రాదు. దీనికి జవాబు పుట్టుకకూ చదువుకూ మధ్య ఉందని ఫ్రెడ్ డయ్యర్, జెఫ్రీ డికిన్సన్ 1994లో చూపారు. సాయంకాలపు సూర్యుణ్ణి మాత్రమే చూడనిచ్చి పెంచిన ఈగలు, తామెన్నడూ చూడని ఉదయపు సూర్యుడు దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటాడని అంచనా వేశాయి. అంటే ముతక లెక్క పుట్టుకతోనే వస్తుంది, ఆ ఊరి ఆకాశానికి తగిన సవరణలను అనుభవం నేర్పుతుంది.

ఈ చదువంతా సాగేది సుమారు ఒక మిల్లీగ్రాము బరువున్న మెదడులో, పది లక్షలకు కాస్త తక్కువైన నాడీకణాలతో. వాటిలో మూడో వంతుకు పైగా, 1850లో ఫెలిక్స్ దుజార్డన్ తొలిసారి వర్ణించిన పుట్టగొడుగు ఆకారపు జంట భాగాల్లో ఉంటాయి. వాసనలూ రంగులూ తేనె రుచితో ముడిపడి జ్ఞాపకాలుగా మారేది అక్కడే. మెదడు నడిమధ్యనున్న కేంద్ర సముదాయమనే మరో భాగం సూర్యుడి దిక్కును, మబ్బులు లేని మేర ఆకాశపు కాంతిలోని ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగాలు ఒకే తలంలో కంపించే తీరును పట్టుకుంటుంది.

దూరం లెక్క మరీ విచిత్రమైనది. బెంగళూరులో చదువుకుని ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఎం.వి. శ్రీనివాసన్ బృందం, గోడలకు చిత్రాలు అతికించిన ఇరుకు సొరంగంలో కొన్ని మీటర్లే ఎగిరిన ఈగలు వంద మీటర్లకు పైగా ఎగిరినట్టు నాట్యమాడడం చూసి, కళ్ళ ముందు నుంచి జారిపోయే దృశ్యాన్నే ఈగ కొలుస్తుందని 2000లో తేల్చింది. ఏ గుర్తులూ లేని నీటి మీద ఎగిరినప్పుడు ఆ కొలత తగ్గుతుందని యూర్గెన్ టౌట్జ్, శ్రీనివాసన్ తదితరులు 2004లో కనుగొన్నారు. జూలైలో దమ్ము చేసి నీరు నిలిపిన తూర్పు డెల్టా చేల మీదుగా ఎగిరే ఈగకు ఇది చిన్న విషయం కాదు. వరి ప్రధానంగా స్వపరాగసంపర్కం జరుపుకునే పంట, దాని పూలలో తేనె ఉండదు గనుక, ఏడాది పొడవునా పూసే కొబ్బరి కోసం ఆ చేలను దాటక తప్పదు.

అందుకే నేల గుర్తులు అవసరమవుతాయి. రాండాల్ఫ్ మెంజెల్ తదితరులు 2023లో ప్రచురించిన ప్రయోగంలో, కొత్త చోట వదిలిన ఈగలు తమ పాత ఊరి గుర్తులను పోలిన సాగునీటి కాలువల వెంట ఎక్కువసేపు వెతికాయి. ఆ లెక్కన, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పాయలుగా చీలిన కాలువలూ, గట్ల మీది కొబ్బరి వరుసలూ తేనెటీగకు చదవదగిన గీతలేనని భావించవచ్చు.

ఇంత నేర్పునూ వరికి పట్టే సుడిదోమ మీద చల్లే మందు చెరపగలదన్నది బాధాకరమైన సంగతి. అందుకు వాడే థయామిథాక్సామ్ చావుకు చాలనంత మోతాదులో అందినా, చాలా ఈగలు తుట్టెకు తిరిగి రాలేకపోయాయని 2012లో ఫ్రాన్స్‌లో మికాయెల్ ఆన్రీ బృందం నమోదు చేసింది. ఆ రసాయనం పనిచేసేది జ్ఞాపకానికి ఆధారమైన నాడీ సంకేతాల మీదే. పూతకొచ్చిన మినుము, పెసర చేల జోలికి పోకుండా, ఈగలు తుట్టె చేరిన సాయంత్రం వేళ పిచికారీ చేయడం రామచంద్రపురం రైతుకు ఖర్చు లేని పని.