కొండవాగుకు ప్రమాద హెచ్చరికలు ఉండవు

గోదావరి డెల్టాలో పుట్టిన మనిషికి నీటితో చనువెక్కువ. ఇంటి వెనక పంట కాలువ, ఊరి చివర మురుగు కాలువ, ఏటిగట్టు మీద బడికి నడక. వరదైనా మనకు చెప్పే వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు. లంక గ్రామాల్లో ఈ అంకెలు పిల్లలకు కూడా నోటికొచ్చు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరేలోగా గొడ్డూ గోదా గట్టెక్కించడానికి, ధాన్యం బస్తాలు మెరక చేర్చడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

కార్తికం రాగానే ఈ చనువుతోనే మనం కొండలకు బయల్దేరతాం. వనభోజనాలకు తోటలు చాలడం లేదు. అమలాపురం నుంచి, భీమవరం నుంచి, కాకినాడ నుంచి కుర్రాళ్లు బైకుల మీద, కుటుంబాలు కార్లలో రంపచోడవరం, మారేడుమిల్లి దారి పడుతున్నారు. వెళ్లాల్సిందే. చదునైన నేల మీద, నెమ్మదిగా కదిలే కాలువల మధ్య బతికే మనం, నీరు రాతి మీంచి దూకడం ఏడాదికి ఒక్కసారైనా చూడాలి. కాకపోతే అక్కడి నీరు మనకు తెలిసిన నీరు కాదు. కొండవాగు దగ్గర కొలబద్ద ఉండదు, మైకులో చెప్పే మనిషీ ఉండడు.

2024 సెప్టెంబరులో ఒక ఆదివారం ఏలూరు నుంచి వైద్య విద్యార్థుల బృందం ఒకటి మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతానికి వెళ్లింది. వాగు ఒక్కసారిగా పొంగి కొందర్ని లాక్కెళ్లింది. ముగ్గురు ప్రాణాలతో తిరిగి రాలేదు. రేపు డాక్టర్లు కావలసిన పిల్లలు. ఆ వార్త చదివిన రోజు నుంచి, జలపాతానికి వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను అడిగే మొదటి మాట ఒకటే: పైన వాన పడిందా?

తూర్పు కనుమల వాలు నిటారుగా ఉంటుంది. మట్టి పొర పలచన, కింద రాయి. కురిసిన వానలో చాలాభాగం ఇంకకుండా గెడ్డల్లోకి జారిపోతుంది. చుట్టుపక్కల గెడ్డలన్నీ ఒక వాగులో పడేసరికి, మోకాలి లోతు నీరు కాసేపట్లో నడుములోతు అవుతుంది. జలపాతం దగ్గర ఎండ కాస్తూనే ఉండవచ్చు. వాన కురిసింది పైనెక్కడో, మనకు కనపడని కొండ మీద. అందుకే నెత్తిన ఆకాశం తేటగా ఉందని ధైర్యపడకూడదు. తేటగా ఉన్న నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు చిక్కబడినా సామాను వదిలేసి పక్కనున్న మెరకకు ఎక్కెయ్యాలి. వాగు మధ్యలో బండ ఎంత పెద్దదైనా దాని మీద నిలబడి చూద్దామనుకోకూడదు. అవతలి ఒడ్డున చిక్కుకుంటే నీరు తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి. చేతులు పట్టుకుని దాటేద్దామనే ఆలోచనే ప్రాణం తీస్తుంది.

ఎప్పుడు, ఎక్కడికి

జూలై నుంచి సెప్టెంబరు దాకా జలపాతాల్లో నీరు నిండుగా ఉంటుంది, ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. వేసవికి చాలాచోట్ల ధార సన్నగిల్లుతుంది. మనకు అనువైనవి నవంబరు, డిసెంబరు. వానలు వెనకబడతాయి, వాగుల్లో నీరుంటుంది, ఎండ చురుక్కుమనదు. అయితే బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం కూడా అదే. 1996 నవంబరు 6 నాటి తుపానును కోనసీమ ఇంకా మరవలేదు. అల్పపీడనం వార్త వచ్చిందంటే ప్రయాణం వాయిదా వెయ్యండి. హోటల్ గదికి కట్టిన డబ్బు పోతే పోయింది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, నా మట్టుకు, రంప జలపాతం చాలు. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం యాభై అయిదు కిలోమీటర్లు. గోకవరం దాటాక పొలాలు సన్నగిల్లి అడవి మొదలవుతుంది. సీతపల్లిలో బాపనమ్మ గుడి దగ్గర బళ్లు ఆగుతాయి. అమ్మవారికి దణ్ణం పెట్టనిదే ఘాటు దిక్కు చూడని డ్రైవర్లున్నారు. రంపచోడవరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో రంప. అక్కడ నీలకంఠేశ్వరుడి పాత రాతి గుడి, అడవిలో బండల మధ్య నుంచి నడక, ఆ తర్వాత ధార. ఎత్తు గొప్పది కాదు. కానీ కారు దిగి ఫొటో తీసుకుని వెనక్కి వచ్చే చోటు కూడా కాదు. చెట్ల నీడన, రాళ్లు పట్టుకుంటూ నడిచి చేరాలి. పిల్లలతో వెళ్లినా ఒక పూటలో తీరికగా చూడవచ్చు.

ఈ రంప పేరుకు చరిత్రలో పెద్ద చోటుంది. 1879లో కల్లు మీద పన్ను, రంపను ఏలే మన్సబుదారు దోపిడీ భరించలేక అతని కింది ముఠాదారులు (ఊళ్ల పెద్దలు), కొండ జనం ఇక్కడ తిరగబడ్డారు. అడవి మీద ఆంక్షలు బిగుసుకుని, ఘాట్ రోడ్లకు వెట్టి చేయించే రోజుల్లో, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి మరో రంప పోరాటం మొదలుపెట్టాడు. కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి దాడులు ఆ వెంటనే జరిగాయి. 1924 మేలో ఆయన ప్రాణం పోయేదాకా ఈ కొండ దారులు బ్రిటిషు పటాలాలకు అందలేదు. మనం పిక్నిక్కుకు నడిచే నేల అది. పిల్లలకు ఆ కథ అక్కడే చెప్పండి.

రంపచోడవరం దాటితే సీతపల్లి వాగు మీద కట్టిన భూపతిపాలెం జలాశయం. ఇంకో ముప్పై కిలోమీటర్లకు మారేడుమిల్లి. జలతరంగిణి అక్కడికి దగ్గరే. చింతూరు ఘాట్ రోడ్డులో పదిహేను కిలోమీటర్లు పోతే అమృతధార, రోడ్డు దిగి అడవిలో నడవాలి. ‘పుష్ప’ సినిమా షూటింగు తర్వాత ఈ దారికి తాకిడి బాగా పెరిగింది. ఒక్క రోజులో అన్నీ చుట్టేసి రావాలనే ఆత్రమే ఇక్కడ మనకు శత్రువు. ఒక జలపాతం ఎంచుకోండి. రోజంతా దానికే ఇవ్వండి.

వెనక నుంచి లెక్కెయ్యాలి

రోజు ప్రణాళిక బయల్దేరే వేళ నుంచి కాదు, తిరిగొచ్చే వేళ నుంచి వెయ్యాలి. నవంబరులో అయిదున్నరకే పొద్దుగూకుతుంది. కొండల మధ్య ఇంకా ముందే నీడ పడుతుంది. ఘాటు మలుపుల్లో చీకటి పడ్డాక బండి నడపడం అలవాటు లేనివాళ్ల పని కాదు. మూడు గంటలకల్లా నీటి దగ్గర నుంచి లేవాలంటే రాజమండ్రిలో అయిదింటికే బండి కదలాలి. టిఫిను గోకవరంలో. పెట్రోలు అంతకు ముందే. జేబులో చిల్లర నోట్లు ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్ పే పనిచేయదు. పాకుడు పట్టిన బండ మీద హవాయి చెప్పులు నిలవవు, పట్టున్న బూట్లు కావాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది, నిండు చేతుల చొక్కా వేసుకోండి. వచ్చాక కొన్ని వారాల్లో జ్వరం తగిలితే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి. మందు సీసాలు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. తాగిన మనిషికి కాలి కింద రాయీ తెలియదు, నీటి వేగమూ తెలియదు.

పులిహోర పొట్లం కట్టుకెళ్లడం మన అలవాటు, మంచిదే. బొంగు చికెన్ తినాలనుంటే మాత్రం జలపాతానికి వెళ్లేటప్పుడే వండేవాళ్లకు చెప్పి వెళ్లండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. నూనె వెయ్యరు, తొందరపెడితే ఉడకదు.

ఆ కొండలు కొండరెడ్ల ఊళ్లు. మన విహారస్థలం కావడానికి ఎన్నో తరాల ముందు నుంచి వాళ్ల పోడు, వాళ్ల చింతచెట్లు, వాళ్ల దేవతల చోట్లు. మారేడుమిల్లి దగ్గర వలమూరు వన సంరక్షణ సమితి సభ్యులు అటవీ శాఖతో కలిసి పర్యాటకుల బసలు నడుపుతున్నారు. ఆ ఊరి మనిషిని ఒకర్ని తోడు తీసుకుని, కూలి ఇచ్చి, ఆయన చెప్పినచోట ఆగండి. ఏ బండ జారుతుందో, ఏ మడుగులో సుడి ఉందో గూగుల్ మ్యాపు చెప్పదు, ఆయన చెబుతాడు. అడగకుండా ఇళ్ల ఫొటోలు తీయకండి. దారిలో చీపుళ్లు, చింతపండు, తేనె అమ్ముతుంటే బేరమాడకుండా కొనండి. మీరు పారేసిన ప్లాస్టిక్ పళ్లేలు, చిప్స్ కవర్లు వాన రాగానే వాగులో పడతాయి. కింది ఊళ్ల పశువులు తాగేది ఆ నీరే. తెచ్చిన చెత్త సంచిలో వేసుకుని వెనక్కి తీసుకురండి.

బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి మూడు సంగతులు చెప్పండి: ఏ జలపాతానికి వెళ్తున్నారు, ఎవరెవరు వెళ్తున్నారు, ఎన్నింటికి తిరుగు ప్రయాణం. అక్కడికి చేరాక నీటి రంగు మారినా, తోడు వచ్చిన ఊరి మనిషి వద్దన్నా, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, దిగకుండా వెనక్కి వచ్చేయండి.