మడ చెట్టు పోతే కూలోడికేం నష్టం?

"మడ చెట్లు పోతే మనకేంటి? మన గొడవ కూలి రేట్లు, ఇళ్ళ స్థలాలు" అని మీటింగుల్లో మనవాళ్ళే అంటుంటారు. అడవి సంగతి ఫారెస్టోళ్ళదీ, చదువుకున్నోళ్ళదీ అని వదిలేశాం. అక్కడే పొరపాటు జరిగింది.

కాకినాడ నుంచి యానాం రోడ్డున వస్తుంటే చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు దగ్గర సముద్రం వైపు కనిపించే పచ్చదనమే కోరంగి మడ అడవి. 235 చదరపు కిలోమీటర్ల మేర 1978లో అభయారణ్యం చేశారు. గౌతమి తెచ్చిపోసిన ఒండ్రు మీద, పోటు పాటుల ఉప్పునీట్లో బతికే చెట్లివి. బురదలో గాలాడదు గనక మడ వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. పొన్న అయితే గింజను కొమ్మ మీదే మొలకెత్తించి ఈటెలా బురదలోకి దింపుతుంది. తిల్ల పాలు కంట్లో పడితే ఏమవుతుందో కట్టెలు కొట్టినవాళ్ళను అడగండి! రాలిన ఆకు కుళ్ళి పురుగుకు మేత, ఆ పురుగు రొయ్యపిల్లకూ మండపీతకూ మేత. సముద్రం మీద వలేసేవాడికి దొరికే చేపల్లో చాలా వాటికి పురుడు పోసింది ఈ బురదే.

ఇక ఉప్పెన. 1789లోనూ 1839లోనూ కోరంగి రేవును ముంచేసింది. 1996 నవంబరు 6 రాత్రి మళ్ళీ వచ్చింది. సుమారు వెయ్యి మంది పోయారు, ఎందరో జాడ తెలియకుండా పోయారు. వేటకెళ్ళినవాళ్ళు, తీరం ఇసుకలో గుడిసెలేసుకుని రొయ్య సీడు పట్టే కూలోళ్ళు అందులో ఉన్నారు. చెట్టు ఉప్పెనను ఆపేస్తుందని నేననను. కెరటం విసురు తగ్గిస్తుంది, గట్టు కోసుకుపోకుండా పట్టుకుంటుంది. పక్కా ఇల్లు లేనివాడికి ఆ కాస్త తేడాయే ప్రాణం.

ఆ సీడు ఎవరి కోసం పట్టారు? చెరువులు తవ్విన ఆసాముల కోసం. టైగర్ పిల్ల ఒక్కటి ఏరి, వల్లో పడ్డ మిగతా పిల్లలన్నీ గట్టున పారబోసేవాళ్ళు. పాపం, తప్పు కూలోడిదా? పిల్లకింత అని డబ్బిచ్చినవాడిదా?

తుఫాను వచ్చిన ముప్ఫై అయిదో రోజున, 1996 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తమిళనాడు భూపోరాటాల పెద్దాయన జగన్నాథన్ వేసిన కేసది. తీరం పొడుగునా రొయ్యల చెరువులు తీసెయ్యాలంది. పంటభూమినీ, మడ అడవినీ, ఊరి ఉమ్మడి భూమినీ చెరువులు చెయ్యరాదంది. పని పోయే కూలీకి మామూలు పరిహారం గాక ఆరేళ్ళ జీతం అదనంగా ఇమ్మంది. ఆరేళ్ళ జీతం! కానీ చెరువు గట్టున కాపలా ఉన్నవాడి పేరు ఏ మస్టరులో ఉంటుంది? ఈలోగా యజమానులు ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2005లో కొత్త చట్టం వచ్చి, తీరప్రాంత నిబంధన నుంచి చెరువులకు మినహాయింపు ఇచ్చింది. మడ అడవిలో, పంటభూమిలో తవ్వరాదన్న మాట మార్గదర్శకాల్లో ఇంకా ఉంది. కాగితం మీద!

మరి మన కూలి? వరిచేను ఉంటే ఊడ్పు, కలుపు, కోత, నూర్పు. ఆడాళ్ళకు అదే తిండి. అదే చేను చెరువైతే ఒక కాపలా మనిషి, మేత చల్లే ఇద్దరు. రొయ్య తలలు తీసే షెడ్లలో పని దొరుకుతుంది, నిజమే, ఐసునీళ్ళలో వేళ్ళు చచ్చుబడేదాకా. పక్క చేనుకు ఉప్పు ఊరితే కౌలురైతు మునిగాడు, మంచినీళ్ళ నుయ్యి చప్పబడింది.

ఇంకొకటి చెప్పక తప్పదు, మనవాళ్ళకు నచ్చకపోయినా. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ చెట్లు కొట్టి పేదల ఇళ్ళ స్థలాలకు మెరక చేశారు. సంగతి గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. పేదోడికి స్థలం కావాలి, అందులో అనుమానం లేదు. కానీ ఆసాముల మిగులు భూమి జోలికి పోకుండా, ఉప్పెనొస్తే ముందు మునిగే చోటే మనకు రాసివ్వడమేంటి? ఆ పట్టా చేతపట్టుకుని మనమే చెట్టుకు పగోళ్ళమయ్యాం.

పాడైన మడ నేలను బాగుచెయ్యొచ్చు. నీరాడక ఉప్పు పేరిన చోట చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి పోటునీళ్ళు పారిస్తే మొక్క నిలుస్తుందని స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు గోదావరి, కృష్ణా మడల్లో ఊరి జనంతో కలిసి చేసి చూపించారు. ఆ కాలవలు ఊరికే ఉండవు, పూడిపోతుంటాయి. ఏటా పూడిక తీసే పని తీరం ఊళ్ళ కూలోళ్ళకే ఇవ్వాలనీ, పేర్లు మస్టరులో ఎక్కించి కూలి వారం వారం చెల్లించాలనీ ఈసారి ఊరూరా సంతకాలు పెట్టిద్దాం.