మంద కాచే కుక్కకు పచ్చి తలకాయ వెయ్యకండి

మందలో గొర్రె తల ఓ పక్కకు వాల్చి గిరగిరా తిరుగుతోందా? మెదడులో నీటిబుడగ ఉండొచ్చు. కోసినా, చచ్చినా ఆ తలకాయ కుక్కకు వెయ్యకండి. బుడగలోని పిల్లలు కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో గడ్డిమీద పడి, మేసిన గొర్రెల మెదడుకెక్కుతాయి. "కుక్కే కదా, ఏదైనా తింటుంది" అనుకునే మంద పోగొట్టుకుంటున్నాం! కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులున్నా వెయ్యరాదు. వాటితో మనుషులకూ ముప్పే. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

కుక్కకు జొన్న సంకటో, రాగి సంకటో మజ్జిగ కలిపి పెట్టండి. వీలైతే ఉడికిన గుడ్డు. మాంసమైతే బాగా ఉడికించి, ఎముకలు ఏరెయ్యాలి. ఉల్లిపాయ కూర పడదు. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ మాత్రలున్నాయి. కుక్క బరువు చెప్పి, పశువైద్యుణ్ణి అడిగి మింగించండి. మందేసిన రెండు మూడు రోజులు దాన్ని కట్టేసి, పెంట పూడ్చెయ్యండి.