దారి లేని ఊళ్లు – తలల లెక్క



పట్నంలో మన బస్సు పావుగంట ఆలస్యమైతే చాలు, విసుక్కుంటాం. అసలు బస్సు మొహమే చూడని ఊళ్లు ఇంకా ఉన్నాయంటే నమ్ముతారా? మా చిన్నత్తయ్యగారి ఊరు అలాంటిదే. తారురోడ్డు మీద బస్సు దిగి అయిదు కిలోమీటర్లు మట్టిబాటన నడవాలి. వానాకాలంలో వాగు పొంగితే ఆ బాటా ఉండదు. ఆవిడ కూతురు ఏడో తరగతితో చదువు మానేసింది. తెలివి లేక కాదు, పిల్లని వాగు దాటించి హైస్కూలుకి పంపలేక. "మీ ఊరికి రోడ్డెప్పుడొస్తుందత్తయ్యా?" అంటే, "ఉన్నది నలభై గడపలం. మాకెవరేస్తారే రోడ్డు!" అనేవారు.

ఆ మాటలో ఎంత నిజముందో నాకు తరవాత తెలిసింది. పల్లెలకు రోడ్లు వేసే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. దాని నియమం ఏమిటంటే, 2001 జనాభా లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో 500 మంది, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికి రోడ్డు. ఊరంటే పంచాయతీ అనుకునేరు, కాదు. ఇళ్లన్నీ ఒకచోట ఉన్న పల్లె గానీ గూడెం గానీ, దేని లెక్క దానిదే. ఒక పంచాయతీలో పది గూడేలుంటే పదింటినీ విడివిడిగా చూస్తారు.

ఇది అన్యాయం కదా అంటారేమో. నెల జీతం చేతికి రాగానే మనం చేసేదీ ఇదే. ఇంటిల్లిపాదికీ కావలసిన బియ్యం, పప్పు ముందు కొంటాం, ఒక్కరికి కావలసింది తరవాత చూద్దామంటాం. చిక్కల్లా ఆ "తరవాత" ఎప్పటికీ రాకపోవడమే. రోడ్డు లేని ఊరికి బస్సు రాదు. బస్సు రాకపోతే ఆడపిల్ల చదువు ఆగుతుంది, కుర్రకారు కాపురాలు పట్నానికి మారుస్తారు. జనాభా లెక్కలో మనిషిని ఉంటున్న చోటే రాస్తారు గానీ పుట్టినూళ్లో రాయరు. అలా ఊరు లెక్కలో ఇంకా చిక్కిపోతుంది, రోడ్డు ఇంకా దూరమవుతుంది. జనం లేరని దారి లేదు, దారి లేదని జనం లేరు!

కష్టమంతా చివరికి ఆడదాని మీదే పడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో నొప్పులొచ్చిన గర్భిణిని కర్రకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకొస్తున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. 108 అంబులెన్సు 2005 నుంచీ ఉంది, కానీ దారి ఉన్నంత వరకే కదా రాగలదు! ఆడవాళ్లకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో వచ్చింది. టిక్కెట్టు లేకపోవచ్చు గానీ, ఎక్కడానికి ముందు బస్సంటూ రావాలి కదమ్మా.

కొంత మార్పు లేకపోలేదు. చెంచులు, కొండరెడ్లు వంటి బాగా వెనకబడిన గిరిజనుల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో 100 మంది ఉన్న గూడేనికీ రోడ్డు వేయవచ్చన్నారు. 2024లో ఆమోదించిన సడక్ యోజన నాలుగో విడతలో 2011 లెక్కలు తీసుకుని, దేశం మొత్తం మీద 25,000 ఆవాసాలకు రోడ్లు వేయాలని నిర్ణయించారు.

ఇందులో మనమేం చేయగలమంటారా? 2021లో జరగవలసిన జనాభా లెక్కలు జరగలేదు. 2027 లెక్కలకు ప్రభుత్వం 2025లో ప్రకటన ఇచ్చింది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయిది ఏ మారుమూల పల్లో అయితే, ఊళ్లో ఉన్న తన వాళ్లకి ఒక్క మాట చెప్పమనండి. లెక్కలవాళ్లొచ్చినప్పుడు పొత్తిళ్లలో బిడ్డనీ, మంచాన పడ్డ ముసలమ్మనీ కూడా మరవకుండా రాయించమనండి. గ్రామసభ జరిగితే ఆడవాళ్లే వెళ్లి తమ గూడెం పేరు చెప్పి రోడ్డు అడగమనండి. రెండు వందల నలభై తొమ్మిదికీ, రెండు వందల యాభైకీ తేడా ఒక్క తలే. ఆ ఒక్క తల మీదే రోడ్డు ఆగిపోవచ్చు.

మా చిన్నత్తయ్యగారి ఊళ్లో నలభై గడపలు ఇప్పుడు ఇరవైకి వచ్చాయి. వాగు మాత్రం ఏటా అలాగే పొంగుతోంది.

ఉంటాను, సెలవు.