డబ్బుంది... పరపతి లేదట!

సొంతిల్లు ఉంది. బ్యాంకులో డిపాజిట్లున్నాయి. నెల తిరిగేసరికి పింఛనో, అద్దెలో చేతికొస్తాయి. ఎవరికీ రూపాయి బాకీ లేదు. అయినా క్రెడిట్ కార్డు కావాలని అడిగితే బ్యాంకు కాదంటోంది. తప్పు ఎవరిది? దారి ఏమిటి?

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వుకు 2006 నుంచి 2014 దాకా ఛైర్మన్‌గా ఉన్నారు బెన్ బెర్నాంకీ. ఆయన నోటి మాట కోసం ప్రపంచ మార్కెట్లన్నీ చెవులు రిక్కించేవి. పదవి దిగిన కొద్ది నెలలకే, 2014 అక్టోబరులో, షికాగోలో ఓ సదస్సులో ఆయనే ఒక సంగతి బయటపెట్టారు. ఇంటి అప్పును కొత్త వడ్డీకి మార్చుకుందామని వెళ్తే కుదరలేదట! సభలో అంతా నవ్వారు. కల్పించి చెప్పడం లేదు, నిజమేనన్నారాయన. అప్పటికి ఒక్కో ప్రసంగానికి ఆయనకు లక్షల డాలర్లు ముడుతున్నాయి. కానీ నెలజీతం వచ్చే ఉద్యోగం పోయి, సొంతంగా సంపాదించుకునేవాళ్ల జాబితాలో చేరారు. అప్పులిచ్చే యంత్రాంగానికి ఆ మార్పు నచ్చి ఉండదని పత్రికలు రాశాయి.

దేశం మొత్తానికి వడ్డీ రేట్లు నిర్ణయించిన మనిషికే ఆ గతి పట్టింది. ఇక భీమవరంలో రిటైరైన హెడ్మాస్టారుకీ, కరీంనగర్‌లో నాలుగు షాపుల అద్దె అందుకునే ఇల్లాలికీ, తెనాలి పక్కన ఆరెకరాల మాగాణి ఉన్న రైతుకీ కార్డు రాలేదంటే వింతేముంది? ‘మా అంతర్గత విధానాల మేరకు మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాం’ అని ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తుంది, అంతే. డిపాజిట్లు ఉన్న బ్రాంచికే వెళ్లి అడిగినా, ‘మా చేతుల్లో ఏం లేదండీ, సిస్టమ్ తీసుకోవట్లేదు’ అంటారు. డబ్బు నష్టం కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. జీవితమంతా ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా బతికినవాళ్లకు అది అవమానంగానే తోస్తుంది.

అవమానం కాదు, అది ఒక లెక్క. ఆ లెక్కలో ఆస్తికి చోటు లేదు.

ఆస్తి కాదు... ఆనవాలు

ఒకప్పుడు ఊళ్లో అప్పు పుట్టాలంటే మనిషి తెలిసుండాలి. ఫలానావారి అబ్బాయి, మాట మీద నిలబడే కుటుంబం అన్న పేరుంటే ప్రామిసరీ నోటు కూడా నామమాత్రమే. నగరాలు పెరిగి, బ్యాంకులు ముఖం చూడకుండా అప్పులిచ్చే రోజులొచ్చాక ఆ పేరును కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. మన దేశంలో ఆ పని కోసం 2000లో సిబిల్ ఏర్పాటైంది. 2005లో పరపతి సమాచార సంస్థలకు ప్రత్యేక చట్టం వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు బ్యూరోలున్నాయి. జనం నోట మాత్రం అన్నీ ‘సిబిలే’.

ఇవి లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటికి నాలుగైదు మైక్రోఫైనాన్స్ సంస్థలు ఒకరికి తెలియకుండా ఒకరు అప్పులు అంటగట్టాయి. కిస్తీల ఒత్తిడి ఆత్మహత్యల దాకా వెళ్లింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. ఎవరి మీద ఎంత అప్పుందో ఒకచోట తెలియాలన్న పట్టుదల ఆ దెబ్బతోనే బలపడింది. కాబట్టి బ్యూరోలు దండగ అనలేం. అవి చూసేదేమిటి, చూడనిదేమిటి అన్నదే అసలు చిక్కు.

ఒక సిబిల్ రిపోర్టు తెరిచి చూడండి. మొదట పేరు, పుట్టిన తేదీ, పాన్, చిరునామాలు. ఆ కింద ఒక్కో అప్పుకు ఒక్కో పట్టిక. అందులో నెలకొక గడి చొప్పున మూడేళ్ల చరిత్ర. సమయానికి కడితే గడిలో ‘000’. నెల ఆలస్యమైతే ‘030’. బ్యాంకు ఆ నెల వివరాలు పంపకపోతే మూడు ‘ఎక్స్’లు. చివర్లో మీ రిపోర్టును ఎవరెవరు ఎప్పుడు అడిగి చూశారన్న జాబితా. వీటన్నిటినీ కాచి వడపోస్తే వచ్చేదే 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరు.

ఇప్పుడు అందులో లేనివి వెతకండి. ఎఫ్‌డీలు లేవు. పొలం లేదు. ఇల్లు, బంగారం, ఎల్ఐసీ, మ్యూచువల్ ఫండ్లు ఏవీ లేవు. పొదుపు ఖాతాలో ఎంతుందో లేదు. ఊళ్లో ముప్పై ఏళ్లు వాయిదా తప్పకుండా కట్టిన చిట్టీ లేదు. కిరాణా ఖాతా ఒకటో తారీఖున తీర్చేసిన నిజాయతీ లేదు. అప్పే చేయని మనిషి రిపోర్టులో గడులే ఉండవు. ఆయన స్కోరు సున్నా కూడా కాదు, ‘-1’. చరిత్ర లేదు అని చెప్పే సంకేతమది. చెడ్డవాడని కాదు, ఎలాంటివాడో తెలియదని!

ఈ లెక్కలో తమాషాలూ ఉన్నాయి. పొదుపు సంఘాల అప్పుల వివరాలను సభ్యురాలి వారీగా బ్యూరోలకు పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అలా డ్వాక్రా సంఘంలో కిస్తీలు కట్టే మహిళకు మంచి పరపతి చరిత్ర ఉండొచ్చు. ఆమె పిల్లలకు పాఠాలు చెప్పి, పాతిక లక్షల డిపాజిట్‌తో రిటైరైన మాస్టారుకు లేకపోవచ్చు.

కాదనడానికి అయిదు కారణాలు

చరిత్ర లేకపోవడం ఒక్కటే అడ్డంకి కాదు. డబ్బున్నవాళ్లకు కార్డు రాకపోవడం వెనుక సాధారణంగా కనిపించేవి ఇవి.

మొదటిది, ఆదాయానికి ఆకారం లేకపోవడం. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు తేలిగ్గా అర్థమయ్యేవి జీతం స్లిప్పు, ఐటీ రిటర్ను. వ్యవసాయాదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామంది రైతులు రిటర్ను వేయరు. రైతు దగ్గర ఉండే కిసాన్ క్రెడిట్ కార్డు పంట అప్పు కోసం పెట్టినదే తప్ప, మాల్‌లో గీకే కార్డు కాదు. అద్దెలు నగదుగా తీసుకునేవాళ్ల సంగతీ అంతే. డబ్బు ఉంటుంది, చూపించే కాగితం ఉండదు.

రెండోది, వయసు. చాలా బ్యాంకులు కొత్త కార్డుకు అరవైకో, అరవై అయిదుకో గీత గీస్తాయి. చచ్చేదాకా ఆగని పింఛను ఉన్నా ఆ గీత దాటడం కష్టం.

మూడోది, పాత నీడ. ఎప్పుడో బావమరిది అప్పుకు పెట్టిన హామీ సంతకం. ఆయన కట్టడం మానేస్తే ఆ మరక మీ రిపోర్టులోనూ పడుతుంది. వాడకుండా బీరువాలో పడేసిన కార్డు వార్షిక రుసుము పేరుకుపోయి, చివరికి ఏదో కొంత కట్టి వదిలించుకుంటే ‘సెటిల్డ్’ అని పడుతుంది. మనకు అది రాజీ, బ్యాంకుకు మాత్రం పూర్తిగా కట్టలేదన్న సాక్ష్యం.

నాలుగోది, పేరు. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తిప్పలు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, బ్యాంకు ఖాతాలో చివరన ఉంటుంది. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరుతో అరడజను మంది వెంకటేశ్వరరావులు! ఒకరి అప్పు ఇంకొకరి రిపోర్టులో చేరడం, ఒకరి చరిత్రే రెండు ముక్కలవడం జరుగుతుంటాయి.

అయిదోది, మీకు సంబంధమే లేనిది. పూచీకత్తు లేని అప్పులు మితిమీరుతున్నాయని రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో బ్యాంకుల కార్డు బకాయిలపై రిస్క్ వెయిట్‌ను 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే ప్రతి కార్డు వెనుకా బ్యాంకు ఎక్కువ సొంత మూలధనం పెట్టాలి. పైన కళ్లెం బిగిస్తే కింద కౌంటర్లో వడపోత పెరుగుతుంది.

బ్యాంకుకు ఎవరు ముద్దు?

కార్డులతో తెలుగు నేలకు పాత చుట్టరికమే. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఈ బాట వేసిన తొలి బ్యాంకుల్లో ఒకటైంది. అప్పటికి సిబిల్ పుట్టనే లేదు. ఇప్పుడా బ్యాంకూ లేదు, 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. దేశంలో కార్డులు మాత్రం పది కోట్లు దాటాయి.

ఈ వ్యాపారంలో రాబడి మూడు తోవల్లో వస్తుంది: దుకాణదారు నుంచి వచ్చే కమీషన్, వార్షిక రుసుములు, బాకీ మీద వడ్డీ. గడువులోగా బిల్లు మొత్తం కట్టేవాళ్ల నుంచి వడ్డీ పైసా రాదు. ‘మినిమం డ్యూ’ మాత్రం కట్టి మిగతాది ముందుకు నెట్టేవాళ్లకు చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం దరిదాపు పడుతుంది. ఏడాదికి లెక్కేస్తే నలభై పైమాటే. ముప్పై శాతం మించితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పినా, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి అప్పంటే భయపడే పొదుపరి బ్యాంకుకు గొప్ప బేరమేమీ కాదు. అలాగని చేదు కూడా కాదు, ఎగ్గొట్టే భయం లేదు కదా. నిజానికి ఆయన్ని తూచే రాయి బ్యాంకు దగ్గర లేదు.

దేశం దాటితే మళ్లీ మొదటికి

హైదరాబాద్‌లో మంచి స్కోరుతో డాలస్‌లో దిగిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ ఇదే అనుభవం. ఇక్కడి చరిత్ర అక్కడి బ్యూరోలకు దానంతట అది వెళ్లదు. ఏడాదికి లక్ష డాలర్ల జీతమున్నా మొదటి కార్డుకు అడ్డం తగులుతుంది. అందుకే మనవాళ్లలో చాలామంది కొంత డబ్బు ముందే డిపాజిట్ చేసి ‘సెక్యూర్డ్ కార్డు’తో మొదలుపెడతారు. అయితే అక్కడ ఒక మేలుంది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుసుకునే హక్కు 1974 నాటి సమాన పరపతి అవకాశాల చట్టానికి 1976లో చేసిన సవరణతో వచ్చింది. ఆ చట్టానికి ముందు భర్త సంతకం లేదని ఆడవాళ్లకు కార్డు నిరాకరించడం అక్కడ మామూలు సంగతి.

మన దగ్గరా నిబంధన ఉంది

చాలామందికి తెలియదు కానీ, కార్డు దరఖాస్తు తిరస్కరిస్తే నిర్దిష్ట కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలని 2022లో రిజర్వు బ్యాంకు జారీ చేసిన కార్డుల మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ‘అంతర్గత విధానం’ అన్న ముక్క నిర్దిష్ట కారణం కాదు. తొలిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దని 2025 జనవరిలో ఆర్‌బీఐ బ్యాంకులకు సూచించింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులోనూ ఈ మాట చెప్పింది. ఖాతాల వివరాలను మన అనుమతితో నేరుగా అప్పిచ్చేవారికి చూపించే ‘అకౌంట్ అగ్రిగేటర్’ ఏర్పాటు 2021 నుంచి నడుస్తోంది. అంటే పొదుపును చూడాలనుకుంటే కిటికీ తెరిచే ఉంది. తొంగి చూసే తీరికే బ్యాంకులకు ఉండాలి.

కార్డు రాలేదా? ఇలా చేయండి

* వెంటనే ఇంకో బ్యాంకుకు పరిగెత్తకండి. తిరస్కరణ రిపోర్టులో కనిపించదు కానీ, ప్రతి దరఖాస్తూ ఒక ‘ఎంక్వైరీ’గా నమోదవుతుంది. వరసగా నాలుగైదు ఉంటే అప్పు కోసం అల్లాడుతున్నారనే అర్థం వస్తుంది.
* నాలుగు బ్యూరోల నుంచీ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితం. తెప్పించుకుని పేరు, పాన్, మీది కాని అప్పులు, ‘సెటిల్డ్’ ముక్కలు చూడండి. సొంత రిపోర్టు చూసుకుంటే స్కోరు తగ్గదు.
* తప్పుంటే బ్యూరోకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.
* ఎఫ్‌డీ ఉంటే దాని మీదే కార్డు అడగండి. జీతం స్లిప్పు, స్కోరుతో పని తక్కువ. డిపాజిట్‌లో ముప్పాతిక వంతుకు అటూఇటూగా లిమిట్ ఇస్తారు, వడ్డీ మామూలుగానే వస్తుంది.
* వచ్చాక నెలనెలా ఎంతో కొంత వాడి, గడువుకు ముందే బిల్లు మొత్తం కట్టండి. లిమిట్‌లో 30 శాతం మించకుండా చూసుకోండి. ఆరునెలలు గడిస్తే రిపోర్టులో గడులు నిండుతాయి.
* ఉద్యోగంలో ఉండగానే ఒక కార్డు తీసుకోండి. రిటైరయ్యాక కొత్తది తెచ్చుకోవడం కంటే పాతది నిలుపుకోవడం తేలిక.
* భర్త కార్డు మీద యాడ్ఆన్ తీసుకున్న ఇల్లాలికి సాధారణంగా సొంత చరిత్ర ఏర్పడదు. ఆమె పేరున చిన్న ఎఫ్‌డీ, దాని మీద ఒక కార్డు ఉండటం మంచిది.

ఇంతకీ ఈ వయసులో కార్డెందుకు అనేవాళ్లూ ఉంటారు. విదేశాల్లో కారు అద్దెకు తీసుకోవాలన్నా, హోటల్లో దిగాలన్నా డెబిట్ కార్డుతో తిప్పలే. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్లో ఎఫ్‌డీ బాండు చెల్లదు. అప్పు చేసి పప్పు కూడు తినమని ఎవరూ చెప్పడం లేదు. అవసరానికి తలుపు తెరుచుకోవాలంతే.

కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. ఆ నిర్ణయంలో అంబుడ్స్‌మన్ కూడా వేలు పెట్టరు. కానీ కారణం చెప్పడం బ్యాంకు ఇష్టం కాదు, బాధ్యత. అందుకే ఈసారి ‘ఆమోదించలేకపోతున్నాం’ అన్న మెసేజ్ వస్తే ఊరుకోకండి. ఎందుకో రాసివ్వమని ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. వివరాలకు టోల్‌ఫ్రీ నంబరు 14448. అందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు.