ఈజీఆర్ లైటు వెలిగితే వాల్వ్ మూసేయించాలా?

బొల్లారం: జుమాకు వెళ్తుంటే పాత డీజిల్ కారులో ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్‌లో కోడ్ పీ0405. అంటే ఈజీఆర్ వాల్వ్ సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజ్ తక్కువగా ఉందన్నమాట. "ప్లేటు పెట్టి మూసేద్దాం భాయ్, ఖర్చు తక్కువ" అంటాడు మెకానిక్. తొందరపడొద్దు.

బయటికి పోయే పొగలో కొంత ఈ వాల్వ్ మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. దాంతో లోపలి మంట వేడి తగ్గి, ఊపిరితిత్తులను దెబ్బతీసే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. మూసేస్తే అవి పెరుగుతాయి. డీజిల్ బండికి పొల్యూషన్ పరీక్షలో చూసేది పొగ నలుపే కాబట్టి సర్టిఫికెట్ మాత్రం వచ్చేస్తుంది! స్కూలు గేటు దగ్గర ఆ గాలి పీల్చేది మన పిల్లలే.

ఈ కోడ్ వస్తే వాల్వే పోయిందని కాదు. ముందు కనెక్టర్ విప్పించి తడి, తుప్పు, తెగిన వైరు ఉన్నాయేమో చూడమనండి. వైరింగ్ బాగుంటేనే వాల్వ్ విప్పించి మసి తీయించండి. అల్వాల్ దాకా వెళ్లొచ్చే చిన్న ప్రయాణాలకే వాడే బండిలో మసి ఎక్కువ పేరుకుంటుంది.

దారిలో ఇబ్బందైతే కనెక్టర్ పీకేసి ఇల్లు చేరొచ్చు, చాలా బండ్లలో అప్పుడు వాల్వ్ మూసుకుంటుంది. తెరుచుకునే ఇరుక్కుంటే ఇదీ పనిచేయదు. రిపేర్ అయ్యాక కోడ్ చెరిపించి, రాజీవ్ రహదారి మీద అరగంట నడిపి, మళ్లీ స్కాన్ చేయించాకే డబ్బులివ్వండి.